వెడల్పాటి కార్బన్ రిమ్ములు: మన రాళ్ల దారులకు 30 మిల్లీమీటర్లు చాలునా, 35 కావాలా?

అలిపిరి సైక్లిస్టు
నాది 29 అంగుళాల చక్రాలూ, ముందు 140 మిల్లీమీటర్ల సస్పెన్షనూ ఉన్న ట్రయల్ సైకిలు, అంటే కొండ బాటల్లో తొక్కేది. కొని అయిదేళ్లయింది. వారానికి రెండు మూడుసార్లు చంద్రగిరి, రంగంపేట వైపు చెరువు కట్టల మీదా, పొలాల మధ్య బండి దారుల్లోనూ, గుట్టల అంచున ఉండే రాళ్ల బాటల్లోనూ తొక్కుతాను. అభయారణ్యంలోకి వెళ్లను కాబట్టి ఆ చర్చ ఇక్కడ వద్దు. నా బరువు 78 కిలోలు, టైర్లు 2.4 అంగుళాలవి. గాలి 24 పీఎస్ఐ పెడితే మలుపులో వెనుక టైరు పక్కకు మడత పడుతున్నట్టు అనిపిస్తుంది, పైగా ట్యూబు రాయికీ రిమ్ముకూ మధ్య నలిగి పంక్చర్ అవుతుంది. 30 పెడితే సైకిలు రాళ్ల మీద బంతిలా ఎగురుతుంది. పోయిన ఏడాది వెనుక అల్యూమినియం రిమ్ముకు రెండుసార్లు బెండ్ తీయించాను. ఇప్పుడు 70 వేల రూపాయలు పక్కన పెట్టుకున్నాను. బెంగళూరులో ఒక దుకాణదారుడు 35 మిల్లీమీటర్ల కార్బన్ రిమ్ములే తీసుకోమంటున్నాడు, నాతో తొక్కే మిత్రుడు 30 దాటవద్దంటున్నాడు. వాడిన వారి మాట వినాలని ఉంది.

చంద్రగిరి చక్రం
మూడేళ్లుగా 30 మిల్లీమీటర్ల కార్బన్ రిమ్ముల మీదే తొక్కుతున్నాను. ఈ మూడేళ్లలో ఒక్కసారి కూడా బెండ్ తీయించవలసిన అవసరం రాలేదు. రాళ్ల మధ్య మనం ఏ గీత మీద పోవాలనుకుంటే చక్రం ఆ గీత మీదే పోతుంది. డబ్బు ఉన్నప్పుడు ఇక ఆలోచన ఎందుకండీ, 30 కొనేయండి.

ముళ్ళబాట
35నా, 30నా అన్నది తరువాత చూద్దాం. ముందు పల్లేరు కాయల అభిప్రాయం తీసుకున్నారా? ఇంతకీ మీరు ఇంకా ట్యూబులతోనే తొక్కుతున్నారా?

అలిపిరి సైక్లిస్టు
అవును, రెండు చక్రాలకూ ట్యూబులే. ఒకసారి ట్యూబ్‌లెస్, అంటే ట్యూబు తీసేసి ముళ్ల చిల్లులను పూడ్చే సీలెంట్ ద్రవం పోయడం, ప్రయత్నించాను కానీ రిమ్ము టేపు సరిగ్గా అతకలేదు. రాత్రికి రాత్రే గాలి దిగిపోయి, తెల్లవారేసరికి నేల మీద సీలెంట్ మడుగు కట్టింది. మా ఆవిడ చూసి పాలు ఎవరు ఒలకబోశారని అడిగింది. అక్కడితో వదిలేశాను.

ముళ్ళబాట
70 వేల రోగానికి మూడు వేల మందు ఉందన్నమాట.

పుల్లల మేస్త్రి
ముళ్ళబాట గారు వేళాకోళంగా అన్నా, విషయం అక్కడే ఉంది. అయితే వెడల్పు సంగతి కూడా చెప్పవలసిందే. ఇక్కడ మూడు వేర్వేరు సంగతులు ఒకదానితో ఒకటి కలిసిపోయాయి: ట్యూబు, రిమ్ము వెడల్పు, రిమ్ము లోహమా కార్బనా అన్నది.

తిరుపతిలో నేను పన్నెండేళ్లుగా రిమ్ములకు పుల్లలు, అంటే స్పోకులు, వేసి చక్రాలు అల్లుతున్నాను. మొదట గమనించవలసినది ఏమిటంటే, వెడల్పు అంటే లోపలి వెడల్పు, అంటే టైరు అంచులు కూర్చునే రెండు గోడల మధ్య దూరం. కొందరు అమ్మకందారులు బయటి కొలతను పెద్ద అక్షరాలతో వేస్తారు. బయట 35 అని రాసి ఉన్న రిమ్ము లోపల 29 మాత్రమే ఉండవచ్చు. మీ దుకాణదారుడు ఏ 35 గురించి చెబుతున్నాడో ముందు కనుక్కోండి.

ఒకప్పుడు కొండ సైకిళ్లకు లోపల 19, 21 మిల్లీమీటర్ల రిమ్ములే వచ్చేవి. 2014లో ఐబిస్ సంస్థ లోపల 35, బయట 41 మిల్లీమీటర్ల కార్బన్ రిమ్ములను తెచ్చినప్పుడు చాలామంది నవ్వారు. ఆ తరువాత ఏడాది రెండేళ్లలో అందరూ వెడల్పు వెంట పడ్డారు. 2.8, 3.0 అంగుళాల ప్లస్ టైర్లు వచ్చాయి, 40 మిల్లీమీటర్ల రిమ్ములూ వచ్చాయి. ఆ ఊపు తగ్గాక, 2.4, 2.5 టైర్లకు 30 దగ్గర అందరూ స్థిరపడ్డారు. మాక్సిస్ సంస్థ టైర్ల మీద కనిపించే వైడ్ ట్రయల్ అన్న ముద్ర కూడా 30 నుంచి 35 మిల్లీమీటర్ల రిమ్ములను దృష్టిలో పెట్టుకుని రూపొందించిన టైరు అని చెప్పడానికే.

ఇరుకు రిమ్ము మీద పెద్ద టైరు ఎక్కిస్తే అది బుడగలా పైన ఉబ్బి కింద సన్నబడుతుంది. మలుపులో పక్క బలం తగిలినప్పుడు ఆ సన్నని మెడ దగ్గర ఒరుగుతుంది. మీకు మడత పడినట్టు అనిపించేది అదే. అలాగని మరీ వెడల్పు రిమ్ము మీద అదే టైరు ఎక్కిస్తే పై భాగం పెట్టెలా చదునవుతుంది. పక్క గుబ్బలు పైకి లేచి, తిన్నగా పోయేటప్పుడే నేలను రాసుకుంటాయి. మీరు ఒరిగినప్పుడు అందుకోవలసిన గుబ్బ అప్పటికే పనిలో ఉంటుంది కనుక, పట్టు ఉన్నట్టుండి జారిపోతుంది. 2.4 టైరుకు 30 సరిపోతుంది. 35 వద్దు.

కుప్పం గుట్ట
మేస్త్రి గారితో పూర్తిగా ఏకీభవించలేను. నేను 95 కిలోల మనిషిని. 35 మిల్లీమీటర్ల రిమ్ము మీద 2.6 టైరు వేసుకుని రెండేళ్లుగా క్వారీ దారుల్లో తొక్కుతున్నాను. మా వైపు గ్రానైటు కోసిన చోట దారి నిండా పదునైన రాతి ముక్కలే ఉంటాయి. 18 పీఎస్ఐతో కూడా టైరు నిలకడగా ఉంటుంది. మీరు చెప్పిన పెట్టె ఆకారం నాకు ఎక్కడా కనబడలేదు.

పుల్లల మేస్త్రి
మీ టైరు 2.6 కాబట్టి కనబడలేదు. 2.6కు 35 తప్పని నేను అనలేదు. ఆయన సైకిలు వెనుక భాగంలో 2.6 పడుతుందా అన్నది ఇప్పుడు ప్రశ్న.

అలిపిరి సైక్లిస్టు
ఇప్పుడే చూశాను. 2.4 టైరుకూ ఫ్రేముకూ మధ్య ఒక్కో పక్క 6 మిల్లీమీటర్ల సందు మాత్రమే ఉంది. కార్తీకంలో వానలు పడి చెరువు మట్టి అంటుకుంటే ఇప్పుడే రాసుకుంటోంది. 2.6 పెట్టే మాట లేదు.

చంద్రగిరి చక్రం
అయితే 35 గొడవ ఇంతటితో తీరిపోయింది. ఇక కార్బనా, అల్యూమినియమా అన్నదే మిగిలింది.

పలమనేరు పెడల్
ఆ మిగిలిన దాని గురించి నేను రాస్తాను, ఎందుకంటే డబ్బు పోగొట్టుకున్నవాణ్ణి నేను.

పోయిన ఏడాది కార్బన్ చక్రాల జత ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఎవరి దగ్గర అన్నది అనవసరం. నాలుగు నెలలు బ్రహ్మాండంగా ఉన్నాయి. ఒక ఆదివారం గుట్ట దిగుతూ, మోకాలి ఎత్తు బండ మెట్టు మీద నుంచి వెనుక చక్రాన్ని సరిగా ఎత్తలేకపోయాను. టక్కుమని ఒక్క చప్పుడు వచ్చింది, అంతే. దిగి చూస్తే బయటికి ఏమీ లేదు. గాలి కూడా నిలిచింది. ఇంటికి వచ్చి కడుగుతుంటే ఒక స్పోకు రంధ్రం పక్కన తెల్లటి చుక్క కనబడింది. తుడిచాను. మళ్లీ వచ్చింది. జిల్లేడు ఆకు తుంచితే పాలు ఊరినట్టు, వెంట్రుక అంత సన్నని గీత పొడవునా సీలెంట్ చుక్కలు చుక్కలుగా ఊరుతోంది. గోరుతో తడిమితే తప్ప ఆ గీత చేతికి తెలియదు.

అమ్మినవారికి ఫొటోలు పంపాను. నాలుగు వారాలు అటూ ఇటూ ఉత్తరాలు నడిచాక, రాయి దెబ్బ వారంటీ కిందికి రాదని తేల్చారు. అల్యూమినియం రిమ్ము అయితే అంచు సొట్ట పడేది, స్క్రూ పానాతో పట్టి లాగి మళ్లీ వాడుకునేవాణ్ణి. కార్బనుకు ఆ మధ్యస్థం లేదు.

చంద్రగిరి చక్రం
విచారకరమే. అయినా ఒక ప్రశ్న. ఆ రోజు వెనుక చక్రంలో గాలి ఎంత ఉంది? టైరు లోపల రిమ్మును కాపాడే ఫోమ్ ఇన్సర్టు ఉందా?

పలమనేరు పెడల్
19 పీఎస్ఐ. ఇన్సర్టు లేదు. నా బరువు 84 కిలోలు. ఏమంటారో తెలుసు, అనండి.

చంద్రగిరి చక్రం
అనను. మీరే అనేశారు.

నగరి రాయి
రిమ్ముల గురించి ఇంతమంది రాశారు, రాళ్ల గురించి ఎవరూ రాయలేదు. నేను చదువుకున్నది భూగర్భ శాస్త్రం, కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

చిత్తూరు, పలమనేరు, కుప్పం వైపు ఉన్నవి గ్రానైటు, నైసు రాళ్లు. ఎండకూ వానకూ పొరలు పొరలుగా ఊడి, మూలలు అరిగి, గుండ్రటి బండలవుతాయి. క్వారీ ముక్కల సంగతి వేరు. తిరుపతి కొండల పైభాగం మాత్రం నగరి క్వార్ట్‌జైట్. తిరుమల కనుమ దారిలో ఈ క్వార్ట్‌జైట్ కింది పాత గ్రానైటు మీద కూర్చున్న చోటు స్పష్టంగా కనబడుతుంది. ఆ రెంటి మధ్య కోట్ల సంవత్సరాల ఖాళీ ఉంది కనుకనే భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించింది. క్వార్ట్‌జైట్ దాదాపు మొత్తం పలుగురాయే (క్వార్ట్జ్), మోస్ కొలతలో గట్టిదనం పదికి 7. అది అరగదు, పగులుతుంది. పగిలిన చోట కత్తి అంచు వస్తుంది. కొండ పాదం దాకా దొర్లి వచ్చిన రాళ్లలోనూ ఆ అంచులు ఉంటాయి.

దీనివల్ల రిమ్ముకు వచ్చేదేమిటంటే, పలమనేరు గారి బండ మొద్దు దెబ్బ కొడుతుంది, టైరును అణిచి రిమ్మును తాకుతుంది. మా వైపు రాయి రిమ్ము దాకా పోకముందే టైరు పక్క గోడను కోస్తుంది. 2.4 టైరును 35 రిమ్ము మీద చదును చేస్తే, ఆ పక్క గోడ గుబ్బల చాటు దాటి బయటికి వస్తుంది. కాబట్టి తిరుపతిలో తొక్కేవారికి 35 వద్దనడానికి మేస్త్రి గారు చెప్పని ఇంకో కారణం ఇది. అలిపిరి గారు రిమ్ముకు పెట్టే డబ్బులో కొంత, పక్క గోడ బలంగా ఉండే టైరుకు పెట్టడం మంచిది.

పుల్లల మేస్త్రి
పన్నెండేళ్లుగా తిరుపతివాళ్ల టైర్లు కోసుకుపోయి, చిత్తూరువాళ్ల రిమ్ములు సొట్టపడి నా దగ్గరికి వస్తున్నాయి. కారణం ఈ రోజు తెలిసింది.

భౌతికం సారు
చిత్తూరులో భౌతికశాస్త్రం చెబుతాను. కార్బన్ తేలిక అనే మాట ఇంకా ఎవరూ ఎత్తలేదు, ఎత్తక ముందే లెక్క చూద్దాం. 29 అంగుళాల ట్రయల్ రిమ్ము కార్బన్‌లో 450 గ్రాములు, అల్యూమినియంలో 550 గ్రాములు అనుకుంటే, రెండు చక్రాలకు 200 గ్రాములు ఆదా. రిమ్ము సైకిలుతో పాటు ముందుకు పోతూ తన చుట్టూ తాను కూడా తిరుగుతుంది కాబట్టి, వేగం పెంచేటప్పుడు ఆ బరువు రెట్టింపుగా, అంటే 400 గ్రాములుగా పనిచేస్తుంది. అలిపిరి గారు, సైకిలు, నీళ్లు, పనిముట్లు అన్నీ కలిపి 95 కిలోలు అనుకుందాం. ఆదా 0.4 శాతం. నిదానంగా ఎత్తు ఎక్కేటప్పుడు వేగం పెద్దగా మారదు కనుక అందులో సగమే. సీసాలో అర లీటరు నీళ్లు తక్కువ పోసుకుంటే అంతకంటే ఎక్కువ ఆదా అవుతుంది, కానీ మన ఎండల్లో ఆ పని చేయవద్దు.

ఎండ అన్నాను కాబట్టి ఇంకొకటి. తెల్లవారుజామున ఇంట్లో 25 డిగ్రీల దగ్గర 22 పీఎస్ఐ కొట్టారనుకోండి. పదకొండు గంటలకు టైరులోని గాలి 45 డిగ్రీలకు చేరితే అదే టైరులో సుమారు 24.5 ఉంటుంది. ఉదయం బాగా పట్టిన టైరు తిరుగు ప్రయాణంలో ఎగురుతోందని రిమ్మును తిట్టేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

చంద్రగిరి చక్రం
సారూ, తేలిక కోసం నేను కార్బన్ కొనలేదు. లెక్క సరైనదే కానీ జవాబు నా ప్రశ్నకు కాదు. నేను చెప్పేది గట్టితనం. రాళ్ల మధ్య హ్యాండిల్ తిప్పగానే చక్రం ఆలస్యం చేయకుండా తిరుగుతుంది, పుల్లల బిగువు నెలల తరబడి మారదు.

కుప్పం గుట్ట
ఆ గట్టితనమే అరచేతులకు శిక్ష కూడా. మిత్రుడి కార్బన్ చక్రాలతో ఒక గంట తొక్కి చూశాను, చేతులు తిమ్మిరెక్కాయి.

పుల్లల మేస్త్రి
రెండూ నిజమే. మొదట్లో వచ్చిన కార్బన్ రిమ్ములు లోతుగా, మొండిగా ఉండేవి. ఆ మొండితనం తగ్గించడానికే 2019లో జిప్ సంస్థ 3జీరో మోటో అని ఒంటి గోడ రిమ్ము తెచ్చింది. రాయి తగిలినప్పుడు అది మడమ దగ్గర పాదం ఒరిగినట్టు కొంచెం ఒరుగుతుంది. ఇప్పుడు చాలామంది రిమ్ము లోతు తగ్గించి, అంచు మందం పెంచుతున్నారు. అంచు మందంగా ఉంటే రిమ్ముకూ మంచిదే, టైరునూ త్వరగా కోయదు. కొనేముందు రెండు సంగతులు చూడండి: తయారీదారు చెప్పిన బరువు పరిమితి, ఎంత మొరటు వాడకానికి చేశారో చెప్పే ఏఎస్‌టీఎం ప్రమాణాల వర్గం. ట్రయల్‌కు 3వ వర్గం చాలు, అది సుమారు 61 సెంటీమీటర్ల ఎత్తు నుంచి దిగడానికి ఉద్దేశించినది. 4వ వర్గం 122 సెంటీమీటర్ల దాకా.

రాత్రి రైడర్
మే నెలలో కారు వెనుక కట్టి ఎండలో పెడితే కార్బన్ మెత్తబడదా? ఎక్కడో చదివాను.

భౌతికం సారు
మీరు చదివినది రిమ్మును పట్టుకునే బ్రేకుల గురించి అయి ఉంటుంది. రోడ్డు సైకిళ్లలో పొడవైన దిగుడులో బ్రేకు రబ్బరు రాపిడికి కార్బన్ రిమ్ము అంచు బాగా వేడెక్కి పాడైన సందర్భాలున్నాయి. డిస్క్ బ్రేకు వేడి రిమ్ము దాకా రాదు. ఎండ వేడి ఒక్కటే ఆ రెసిన్‌ను మెత్తబరచదు.

ముళ్ళబాట
ఎండకు పోయేది రిమ్ము కాదు, సీలెంట్. సీసా మీద ఆరు నెలలు అని రాసి ఉంటుంది. మన వేసవిలో రెండు నెలలకే లోపల రబ్బరు పీచు తప్ప తడి ఉండదు. వాల్వు తీసి పుల్ల ముంచి చూసుకోండి.

పలమనేరు పెడల్
పాత కార్బన్ రిమ్ము కొనేవారికి ఒక చిట్కా. కుమ్మరి దగ్గర కుండను కొట్టి చూసినట్టు, టైరు తీసేసి రూపాయి బిళ్ళతో రిమ్ము చుట్టూ మెల్లగా కొడుతూ పోండి. ఒక చోట గంట స్వరం పోయి మొద్దుగా పలికితే వదిలేయండి. నా రిమ్ము అలాగే పలికింది, కానీ కొన్న తరువాత.

అలిపిరి సైక్లిస్టు
లేతు షాపులో వెర్నియర్ తెచ్చుకుని అన్నీ కొలిచాను. నా రిమ్ము లోపలి వెడల్పు 23. 2.4 అని రాసి ఉన్న టైరు నిజానికి 58 మిల్లీమీటర్లు, అంటే 2.3 కూడా లేదు. చక్రాల నడిమి హబ్బులకు పుల్లలు కూర్చే రంధ్రాలు 32. మేస్త్రి గారూ, 30 రిమ్ము వేస్తే ఈ టైరు ఎంత అవుతుంది? పాత పుల్లలే పనికొస్తాయా?

పుల్లల మేస్త్రి
రిమ్ము ఒక మిల్లీమీటరు వెడల్పయితే టైరు సుమారు 0.4 మిల్లీమీటరు వెడల్పవుతుందని మాలో ఒక వాడుక లెక్క ఉంది. 7 పెరుగుతోంది కాబట్టి టైరు 61కి దగ్గరవుతుంది. మీ ఫ్రేము సందు ఒక్కో పక్క మిల్లీమీటరున్నర తగ్గుతుంది, ఫరవాలేదు.

పాత పుల్లలు చాలావరకు పనికిరావు. రిమ్ము లోతు మారితే నిపుల్, అంటే పుల్ల చివర బిగించే చిన్న నట్టు, కూర్చునే చోటు వ్యాసం మారుతుంది, పుల్ల పొడవు ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చినా పని చెడుతుంది. రిమ్ము చేతికి వచ్చాక నేను కొలిచి చెబుతాను, అప్పటిదాకా పుల్లలు కొనవద్దు. నిపుల్స్ ఇత్తడివి తీసుకోండి. అల్యూమినియం నిపుల్ కొన్ని గ్రాములు తక్కువే, కానీ మీరు కారిపించిన సీలెంట్ తగిలిన చోట తెల్లగా పూసి విరుగుతుంది.

నా సలహా ఇది. రెండు వైపులా 30. వెనుక చక్రమే దెబ్బలు తింటుంది కాబట్టి అక్కడ అల్యూమినియం, లోపల ఇన్సర్టు. ముందు కావాలంటే కార్బన్, 32 రంధ్రాలది. రెంటికీ ట్యూబ్‌లెస్. టేపు మాత్రం రిమ్ము లోపలి వెడల్పు కంటే రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ ఉన్నది తెచ్చి, ముందు స్పిరిట్‌తో తుడిచి, లాగి పట్టి అతికించాలి. మీది అతకకపోవడానికి కారణం తుడవకపోవడమే అయి ఉంటుంది.

చంద్రగిరి చక్రం
ముందు ఒకటి, వెనుక ఒకటా? ఒక చెవికి కమ్మ, ఇంకో చెవికి జూకా పెట్టుకున్నట్టు ఉంటుంది.

పుల్లల మేస్త్రి
వెనుక చెవి దుమ్ములో ఉంటుంది, ఎవరూ చూడరు.

కుప్పం గుట్ట
చూడటానికి కాదు గానీ, ముందు కార్బన్ మాత్రం ఎందుకు? ముందు చక్రం విరిగితే పళ్లు రాలేది ముందే కదా.

చంద్రగిరి చక్రం
ముందు చక్రం మీద బరువు తక్కువ, పైగా చేతులు దాన్ని చూసి నడుపుతాయి. రాయికి నేరుగా కొట్టుకునేది వెనుకది. గట్టితనం తెలిసేది ముందే. ఆ లెక్కన మేస్త్రి గారు చెప్పినది అర్థవంతమేనని, కమ్మ జూకాల మాట వెనక్కి తీసుకుంటూ ఒప్పుకుంటున్నాను.

అలిపిరి సైక్లిస్టు
ఆరు వారాల తరువాత రాస్తున్నాను. ముందు 30 కార్బన్, వెనుక 30 అల్యూమినియం, రెండూ 32 రంధ్రాలవే. మేస్త్రి గారే అల్లారు. మిగిలిన డబ్బుతో, నగరి రాయి గారు చెప్పినట్టు, పక్క గోడ బలమైన టైర్లు వేశాను. ముందు 20, వెనుక 23 పీఎస్ఐ. ఇన్సర్టు మీద టైరు ఎక్కించేటప్పుడు రెండు గోళ్లు విరిగాయి, ఆ సంగతి ఎవరూ ముందే చెప్పలేదు.

నిజం చెప్పాలంటే, ముందున్నది కార్బన్ అన్న సంగతి తొక్కేటప్పుడు నాకు తెలియడం లేదు. తెలిసేది మలుపు. రంగంపేట దగ్గర చెరువు కట్ట దిగి ఎడమకు తిరిగే చోట ప్రతిసారీ వెనుక టైరు ఒరిగి, కాలు కింద పెట్టేవాణ్ణి. ఇప్పుడు టైరు ఒరగడం లేదు. నిన్న టైర్లు కడిగి చూస్తే పద్నాలుగు పల్లేరు కాయలు, ఒక తుమ్మ ముల్లు గుచ్చుకుని ఉన్నాయి, గాలి మాత్రం ఒక్క పీఎస్ఐ కూడా తగ్గలేదు. వెనుక రిమ్ముకు అప్పుడే చిన్న సొట్ట పడింది. పానాతో లాగాను.

ముళ్ళబాట
ముల్లు పీకారా, ఉంచారా? పీకితే సీలెంట్ చిమ్ముతుంది, మొహం పక్కకు పెట్టుకోండి.

అలిపిరి సైక్లిస్టు
పీకాక చదివాను ఈ మాట.

రాత్రి రైడర్
పాత 23 రిమ్ములు అమ్ముతారా? మా తమ్ముడి సైకిలుకు కావాలి, హబ్బు 32 రంధ్రాలదే, టైరు 2.1.

అలిపిరి సైక్లిస్టు
2.1కు 23 బాగానే ఉంటుంది. ముందుది ఊరికే ఇస్తాను, వచ్చి పట్టుకుపోండి. వెనుకది రెండుసార్లు బెండ్ తీసినది, అంచున బొటనవేలు పట్టేంత సొట్ట ఉంది, అది మేస్త్రి గారు గోడకు తగిలించుకుంటానన్నారు.